కత్తి కొన్న వైనం

నా అరవై అయిదో ఏట నేనొక కత్తి కొన్నాను. సంగతి విన్నవారిలో నవ్వినవారు కొందరు, బెదిరినవారు కొందరు. మా ఆవిడ రెండూ చేసి, ఆ పైన "ఇంట్లో ఉన్నవి చాలలేదా?" అని అడిగింది.

ప్రశ్న న్యాయమైనదే. మా ఇంట కత్తులకు కొదవ లేదు. ఆమె పుట్టింటినుంచి వచ్చిన కత్తిపీట ఉంది. కొబ్బరిబొండాలు చెక్కే పెద్దకత్తి ఉంది. సంతలో పదిహేను రూపాయలకు కొన్న ప్లాస్టిక్ పిడి చాకులు అరడజను ఉన్నాయి. అవి టమాటాను కోయవు, నలుపుతాయి. అయితే ఇవన్నీ ఇంటివి. నాది అనదగిన పనిముట్టు నాకెప్పుడూ లేదు. సుద్దముక్క, ఎర్రసిరా కలం – ముప్పయ్యయిదేళ్ళు వీటితోనే బతుకు గడిచింది. రెండూ సర్కారువారివే.

భాషాప్రవీణ చదివినవాడిని గనుక, వస్తువుకన్నా ముందు దాని పేరు నా దగ్గరికి వస్తుంది. ఇది నా దుర్గుణమని ఒప్పుకుంటాను. అమరకోశంలో చిన్నకత్తికి శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక అని పేర్లున్నాయి. అసిపుత్రి అంటే ఖడ్గానికి కూతురు. ఎంత ముద్దయిన మాట! ఇక మనం రోజూ వాడే చాకు పారసీకంనుంచి వచ్చి మన వంటింట్లో స్థిరపడింది. అచ్చతెనుగున అలుగు ఉంది, వాదర ఉంది, పిడి ఉంది, ఒర ఉంది. ఈ నాలుగు మాటలతో కత్తి మొత్తం కళ్ళకు కడుతుంది. వీటిని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మంచి వాదర ఎలా ఉంటుందో మాత్రం నా చేతికి తెలియదు.

2024 వేసవిలో మా అమ్మాయిని చూడడానికి టెక్సాసు వెళ్ళాము. అమెరికా వెళ్ళిన తల్లిదండ్రుల దినచర్య మీకు తెలిసిందే: ఉదయం నడక, మధ్యాహ్నం నిద్ర, సాయంకాలం ఏదో ఒక దుకాణం. ఒకనాడు మా అల్లుడు గుడారాలు, గాలాలు, వేట సరుకులు అమ్మే దుకాణానికి తీసుకుపోయాడు. గోడనిండా కత్తులు. మడిచేవి, మడవనివి, రంపపుపళ్ళవి, మనిషిని చంపడానికి తప్ప మరెందుకూ పనికిరావనిపించేవి. వాటి నడుమ అతి సాదాగా, ప్లాస్టిక్ ఒరలో ఒకటి కనిపించింది. నాలుగంగుళాల పైచిలుకు అలుగు, చేతికి నిండైన పిడి, ఏ హంగూ లేదు. వెల ఇరవై డాలర్ల లోపు. అలవాటు చొప్పున ఎనభైమూడుతో హెచ్చవేసి గతుక్కుమన్నాను. అల్లుడు నవ్వి, "మామయ్యగారూ, పక్కవాటి ధరలు చూశారా?" అన్నాడు. చూశాను. హెచ్చవేయడం మానేశాను. అతడు ఇస్తానన్నా వినక, అమ్మాయి నా చేతిఖర్చుకిచ్చిన డబ్బులోనుంచే నేనే చెల్లించాను. అది ఎవరి సొమ్మని మాత్రం అడక్కండి.

అది స్వీడను దేశపు కత్తి. దలార్నా అనే సీమలో మోరా అనే ఊరు ఉన్నది. ఆ చుట్టుపక్కల పల్లెలలో కత్తులు చేయడం తరతరాల వృత్తి. 1891లో, అమెరికాలో నాలుగేళ్ళు పనిచేసి వచ్చిన ఒక స్వీడను ఆసామి అక్కడి ఓస్ట్‌నూర్ పల్లెలో దుంగలు లాగే స్లెడ్జి బళ్ళ పని మొదలుపెట్టి, పక్కనే కత్తుల కొట్టం కూడా పెట్టాడు. నేటి కత్తి ఆ వంశంలోదే. మన చెవికి మోర అంటే పశువు మూతి. స్వీడనువారు పలికేది 'మూరా' అట. కానీ పిడితో కలిపినా ఇది మూరెడు కాదు, జానెడే. ఇలాంటి శ్లేషలు విని మా అల్లుడు కారు కొంచెం వేగంగా నడుపుతాడు.

దీని రహస్యం ఏమిటని అడిగితే అతడే విప్పి చెప్పాడు. మడతచాకులో కీలు ఉంటుంది. బలం పెడితే ముందు లొంగేది ఆ కీలే. ఇందులో అలుగు పిడిలో బిగిసి ఉంటుంది గనుక ఆ భయం లేదు. అలుగు మందం రెండున్నర మిల్లీమీటర్లు. రెండువైపులా ఏటవాలుగా చెక్కిన చదునైన అంచు వాదరదాకా తిన్నగా దిగిపోతుంది. సాన పట్టేటప్పుడు ఆ చదునును రాతిమీద ఆనిస్తే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది. నావంటి అనభిజ్ఞుడికి అంతకుమించిన వరమేముంది? ఉక్కులో కర్బనం నూటికి 0.6 పాళ్ళు, క్రోమియం పదమూడున్నర. ఆ క్రోమియం వల్లనే త్రుప్పు తొందరగా పట్టదు.

ఉక్కు మాట వచ్చింది గనుక ఒక్క నిమిషం. 1795లో జార్జి పియర్సన్ అనే ఆయన లండను రాయల్ సొసైటీకి 'ఊట్జ్' అనే హిందూదేశపు ఉక్కును గురించి వ్యాసం సమర్పించాడు. ఆ ఊట్జ్ మన ఉక్కు శబ్దపు వికారమేనని చాలామంది పండితుల అభిప్రాయం. కన్నడిగులూ ఆ మాట తమదే అంటారు, మాట ఇద్దరిదీని. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం పారసీక వర్తకులు వచ్చి కూర్చునేవారు. తరగతిలో ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతు ఒక మెట్టు పైకి లేచేది. ఎదుట బల్లలమీద కమ్మరి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. వారివైపు చూసి చెప్పిన గుర్తు లేదు.

కత్తిని చేతిసంచిలో విమానం ఎక్కనివ్వరు. పెద్దపెట్టెలో చీరల మడతల నడుమ పెట్టి తెచ్చాము. పోలీసులు పట్టుకుంటారేమోనని ఆవిడ భయం. 1959 నాటి ఆయుధ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం తొమ్మిది అంగుళాలకు మించిన అలుగో, రెండంగుళాలకు మించిన వెడల్పో ఉన్నవే లెక్కలోకి వస్తాయి. వాటిలోనూ ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉన్నది. నేనూ ఆ చట్టమూ ఒకే ఏట పుట్టాము కాబట్టి దానితో నాకు కొంత చనువు.

ఇంటికి వచ్చిన మరునాడే పరీక్ష మొదలయింది. మొదట పెరట్లో అరటాకులు. కాడమీద ఆనించి ఇలా అన్నానో లేదో ఆకు చేతిలోకి వాలింది. అరటి బంక ఇనుపకత్తిని పట్టుకుంటే నల్లగా మాడ్చేస్తుంది. దీన్ని గుడ్డతో తుడిస్తే చాలు, మళ్ళీ అద్దమే. తరువాత కొబ్బరితాడు. మామూలు చాకుతో కోస్తే పీచు పీచుగా విడిపోయి మనమీద కోపగించుకుంటుంది కదా, అది రెండు లాగుళ్ళలో తెగింది. వేపపుల్ల చివర చెక్కితే ఉల్లిపొరవంటి చెక్కు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. ఆ చెక్కులను పారవేయబుద్ధి పుట్టక కాసేపు అరచేతిలో పెట్టుకు కూర్చున్నాను.

వంటింట్లో మాత్రం పరువు పోయింది. బంగాళాదుంపమీద పెట్టి నొక్కితే కోయడం మాని, సగందాకా దిగి ముక్కను టప్పున చీల్చింది. క్యారెట్టుదీ అదే గతి. వాదర పదునైనదే, దాని వెనుక మందం అడ్డు. ఆవిడ ఒక్క మాటయినా అనలేదు. కత్తిపీట ముందుకు లాక్కుని, నేను ఒక దుంప చీల్చేలోపల అరకిలో బెండకాయలు తరిగి చూపించింది. కత్తిని నిలిపి కాయను కదిపే ఆ విద్యముందు ఏ స్వీడనువాడూ నిలవడని నిష్పక్షపాతంగా రాస్తున్నాను.

మూడోనాడు కాలవగట్టునుంచి నాలుగు రెల్లుకాడలు తెచ్చాను. అసలు ఈ కత్తి కొన్నదే అందుకేమో. మా గురువుగారు రెల్లు కలంతో రాసేవారు. కాడను ఏటవాలుగా కోసి, లోపలి బెండు గీకి, మొన నడుమ సిరా దిగడానికి సన్నని చీలిక పెట్టి, చివరను ఒక్క వేటున అడ్డంగా తెంచాలి. ఆ చివరి వేటు సూటిగా పడకపోతే అక్షరానికి తలకట్టు నిలవదు. మూడు కాడలు పాడుచేశాను. నాలుగోదాన్ని ఏటవాలుగా కోసి, ఇంకా చీలిక పెట్టకుండా బల్లమీద ఉంచాను. సగం చెక్కిన ఆ రెల్లుకాడను చూడగానే చేతిలో కత్తి కిందపెట్టేశాను.

అటువంటి కాడనే నేను 1988లో ఒకసారి చూశాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. ఎనిమిదో తరగతి. పూర్వులు ఘంటంతోను, రెల్లు కలంతోను ఎలా రాసేవారో ముందురోజు వర్ణించి వర్ణించి చెప్పాను. మరునాడు పాఠం నడుస్తుండగా మూడో వరుసలో కమ్మరివారి అబ్బాయి తల వంచుకుని బల్లకింద ఏదో చేస్తున్నాడు. వెళ్ళి చూస్తే చేతిలో కత్తి. వేలెడు అలుగు, చింతకర్ర పిడి. ఆ ఏడు ఊళ్ళో ఎన్నికల కక్షలుండేవి, కుర్రాళ్ళు కూడా రెండు జట్లుగా తిరిగేవారు. నాకు తోచింది అదొక్కటే. కత్తి లాక్కున్నాను. బెత్తంతో రెండు చేతులమీదా కొట్టాను. వాడు "మాస్టారూ, ఇది..." అని ఏదో మొదలుపెట్టాడు. "నోర్ముయ్" అన్నాను. కత్తి ప్రధానోపాధ్యాయుల బీరువాలోకి పోయింది.

గంట కొట్టి పిల్లలంతా వెళ్ళాక ఆ బల్లకింద రెల్లుకాడ కనిపించింది. ఏటవాలుగా కోసి ఉంది. ఇంకా చీలిక పెట్టలేదు.

అప్పుడైనా బీరువా తాళం అడిగి ఉండవలసింది. అడగలేదు. ఇచ్చిన శిక్షను వెనక్కు తీసుకుంటే తరగతి చేయి జారుతుందని ఒక భయం. కొత్త ఉపాధ్యాయులకు అది ఉంటుంది. సాయంత్రం వాడి తండ్రి వచ్చి గుమ్మంబయట నిలబడ్డాడు. కత్తి ఇప్పించమన్నాడు. పెద్దాయన లోపలినుంచే నాలుగు చివాట్లు పెట్టి పంపించారు. నేను అక్కడే కూర్చుని హాజరుపట్టీ కూడిక వేస్తున్నాను. ఏడాది చివర ఇచ్చేద్దామనుకున్నాను. మరచిపోయాను. తొమ్మిదో తరగతికి వాడు రాలేదు. 1990లో నాకు వేరే ఊరికి బదిలీ అయింది.

ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పదగినంత పెద్ద సంగతి కాదనుకున్నాను కాబోలు.

కత్తి కథకు వస్తాను. బీరపాదుకు పందిరి వేద్దామని వెదురు చీల్చబోయాను. అలుగును వెదురు మొదట్లో ఆనించి, వీపుమీద కర్రముక్కతో కొడుతూ పోతే గణుపుదాకా చక్కగా చీలింది. గణుపు దగ్గర మొండికేసింది. అక్కడ నేను చేసిన తప్పు – కత్తిని పక్కకు మెలితిప్పాను. వెదురు విడిపోయింది, కానీ వాదరలో అరంగుళం మేర వంగి మెరుస్తూ కనిపించింది. పదునైన అంచు మెరవదు. మెరిసిందంటే మొద్దుబారిందని అర్థం. ఇది ఇప్పుడు తెలిసిన సంగతి. సరిచేద్దామని రోటి అంచుమీద రుద్దాను. ఆ గరుకు రాయి అద్దంవంటి చదునుమీద ఏనుగు నడిచినట్లు గీతలు పెట్టింది, వాదర మాత్రం రాలేదు. కొన్న కత్తిని నెలలోపల పాడుచేసిన నా నేర్పుకు నేనే సిగ్గుపడ్డాను.

మంచి సాన ఎవరు పడతారని విచారిస్తే, మునుపు నేను పనిచేసిన ఆ ఊరివైపు రోడ్డుమీద వెల్డింగు కొట్టు ఒకటి ఉందని, అక్కడ వెనకవైపు ఇప్పటికీ కొలిమి ఉందని చెప్పారు. వెళ్ళాను. గేట్లు, గ్రిల్లులు, ట్రాక్టరు భాగాలు. రేకుల చాటున నిజంగానే కొలిమి. పూర్వపు తోలుతిత్తి స్థానంలో విద్యుత్తు గాలిమర, కానీ దాగలి పాతదే. యాభై ఏళ్ళ మనిషి నల్లకళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి నన్ను చూశాడు. కాసేపు అలాగే చూసి, "తెలుగు మాస్టారు గదండీ మీరు!" అన్నాడు.

ముందు నేను పోల్చుకోలేదని ఒప్పుకోవాలి. తండ్రి పోలిక మెల్లగా కనిపించింది. పోల్చుకున్నాక నోట మాట రాలేదు. స్టూలు తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. నేను కత్తి ఇచ్చాను. ఒరలోనుంచి తీసి, వాదరను వెలుతురుకు ఎదురుగా పెట్టి, బొటనవేలిని అడ్డంగా ఆనించి చూశాడు. "ఉక్కు మంచిదండీ. పాడుచేసిందెవరు?" నేనేనన్నాను. నవ్వలేదు.

మోటారు సాన ఉన్నా దాన్ని ముట్టుకోలేదు. చక్రంమీద వేడెక్కితే పదును దిగిపోతుందట. నీళ్ళలో నాననిచ్చిన రెండు రాళ్ళు తీశాడు, ఒకటి గరుకు, ఒకటి నునుపు. చదునును రాతిమీద ఆనించి, ఒకే జోరుతో ముందుకు, వెనక్కు. ఒకవైపు రుద్దగా ఎదుటివైపు సన్నని ముల్లు లేచేదాకా ఆగి, అప్పుడు తిప్పాడు. చివరకు బెల్టు తోలుమీద వీపువైపుగా పదిసార్లు లాగాడు. పావుగంట పట్టింది. ముంజేతి వెంట్రుకలమీద నడిపితే నున్నగా తెగాయి. నా రోటి గీతలు కొన్ని అలాగే ఉన్నాయి. "అవి ఉండనివ్వండి. తీస్తే ఉక్కు తరుగు" అన్నాడు.

ఆ పావుగంటా నేను ఒక వాక్యం కూర్చుకుంటూనే ఉన్నాను. ముప్పయ్యయిదేళ్ళు వాక్యనిర్మాణం నేర్పినవాడిని. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతోంది. చివరకు, "నీ దగ్గర ఒక కత్తి తీసుకున్నాను, గుర్తుందా?" అన్నాను.

"ఎందుకుండదండీ."

"మీ నాన్నగారు చేసిన కత్తి..."

"నాన్న చేసింది కాదండీ," అన్నాడు. "నేనే చేశాను. లారీ కమాను ముక్కతో. నాన్న సమ్మెట కూడా పట్టలేదు, చూస్తూ కూర్చున్నాడు. రెండుసార్లు నీళ్ళలో ముంచగానే పగిలింది. ఉక్కు ఎర్రబడగానే ముంచితే గాజులా పెళుసవుతుందండీ, మళ్ళీ సన్నసెగ మీద గడ్డిరంగు వచ్చేదాకా కాచాలి. ఆ రంగు పట్టుకోవడం మూడోసారికి గానీ రాలేదు. నా మొదటిది అది."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. "మరి చదువు..."

"దానికోసం మానలేదు లెండి. నాన్నకు చూపు తగ్గింది. కొలిమి దగ్గర మనిషి కావాలి." అంత తొందరగా ఎందుకు చెప్పాడో నాకు తెలియదు. నాకోసం చెప్పాడేమో. నిజమే అయి ఉండవచ్చు కూడా. తేల్చుకోలేకున్నాను.

క్షమాపణ అనే మాట, పుస్తకాలలో ఎన్నిసార్లు వివరించానో ఆ మాట, నోటికి రాలేదు. "ఆ రెల్లు కలం నేను తరవాత చూశాను. నువ్వు వెళ్ళాక" అన్నాను.

అతడు చేతులు తుడుచుకుంటూ ఆగాడు. "బాగా వచ్చిందాండీ?"

"కోత బాగుంది. చీలిక పెట్టలేదు."

"మీరు చీలిక ఎలా పెట్టాలో చెప్పలేదండీ ఆ రోజు. మర్నాడు చెప్తానన్నారు."

నిజమే. గంట కొట్టడంతో ఆపాను. కొట్టు పక్కన కాలవగట్టు ఉన్నది. నేనే వెళ్ళి ఒక కాడ విరుచుకువచ్చాను. ఏటవాలుగా కోసి చూపించాను, బెండు గీకాను, మొన నడుమ అలుగు నిలిపి ఎలా నొక్కాలో చెప్పాను. నా చేయి వణికి చీలిక పక్కకు పోయింది. అతడు కత్తి తీసుకుని రెండో కాడమీద ఒక్కసారిగా పెట్టాడు. వెంట్రుకవాసి చీలిక, తిన్నగా. దాన్ని చెవిమీద పెట్టుకుని, వచ్చిన ట్రాక్టరువాడితో బేరం మాట్లాడడానికి వెళ్ళాడు.

తిరిగి వచ్చాక సాన కూలి ఎంతన్నాను. వద్దన్నాడు. అయితే నాకొక కత్తి చేసి పెట్టమన్నాను, దానికి మాత్రం డబ్బు తీసుకోవాలన్నాను. అందుకు సరేనన్నాడు. కమాను ఉక్కు, చింతకర్ర పిడి, కొలత ఈ స్వీడను కత్తిదే కానీ మందం కాస్త తక్కువ. బంగాళాదుంప చీలిపోవడం గురించి నేను చెప్పగా ఆ మార్పు అతడే సూచించాడు. త్రుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాస్తూ ఉండాలని, నిమ్మకాయ కోసి అలాగే వదలవద్దని హెచ్చరించాడు. నన్ను పాత విద్యార్థులు హెచ్చరించడం నాకు కొత్త.

కొలత కోసం నా కత్తి అక్కడే ఉంచుకున్నాడు. కోతలు దగ్గరపడ్డాయి, ముందు ఊళ్ళోవాళ్ళ కొడవళ్ళకు కక్కు కొట్టాలట. దీపావళి వెళ్ళాక రమ్మన్నాడు. అందాకా మా పెరటి అరటాకులు ఆవిడ కత్తిపీటతోనే తెగుతున్నాయి. పందిరి సగంలో ఉన్నది, బీరతీగ ఈలోపల జామచెట్టు ఎక్కింది.